క్రియాంత గణితలేఖనము

తాళపత్రగ్రంథములఁ బరిశోధించువారికి గణితముతోడఁ బనిలేదని కొందఱు తలఁతురు. అది సరికాదు. ప్రతియొక్క పరిమాణమును నిర్ణయించుట మొదలు లేఖకునకీయవలసిన వేతనమును దేల్చువఱకు లెక్క మనలను వెంబడించుచునే యుండును. అట్టి లెక్కలో నాకుఁ గలిగిన యొక పొరపాటును, దానిని దిద్దుకొనుటకుఁ దోడ్పడిన యొక కంప్యూటరు సాధనమును బాఠకులకు నివేదించుట యీ వ్యాసమునకు విషయము.

ముప్పదిరెండక్షరములు కూడిన నొక గ్రంథమని పూర్వుల కొలత. ఇచ్చట గ్రంథమనఁగా పుస్తకము కాదు, మానము. నేనొక వ్యాఖ్యానపుఁ బ్రతిని బరిశీలించితిని. అందు నిండుగా వ్రాసిన యాకులు 118. ఆకునకుఁ బుటలు 2. పుటకుఁ బంక్తులు 7. తుదియాకున 9 పంక్తులు మాత్రమే కలవు. పంక్తికి సగటున 46 అక్షరములు. లేఖకుఁడు తుదిని గ్రంథసంఖ్య 2400 అని వ్రాసియుండెను. నేను కంప్యూటరునందలి సామాన్యగణనసాధనమున 118 × 2 × 7 + 9 × 46 ÷ 32 అని వరుసగా వ్రాసితిని. వచ్చిన ఫలము ఇంచుమించు 1665. ప్రతిలో మూఁడవపాలునకు దగ్గఱగా లుప్తమైనదని నమ్మి, యా మాటను వ్యాసమునఁ గూడ వ్రాసితిని. అచ్చునకుఁ బంపుటకు ముందు ఆకులను మఱల సరిచూడఁగా నెచ్చటను సందర్భము తెగలేదు. ప్రతి పూర్ణము, లోపము నా లెక్కయందు.

పంక్తులనన్నిటిని ముందు కూడి, యా మొత్తమును 46 చే గుణింపవలసియుండఁగా, నేను కుండలీకరణములు వేయనైతిని. సామాన్యలేఖనమున గుణకార భాగహారములు సంకలన వ్యవకలనములకంటె బలవత్తరములను పరిభాష యొకటి కలదు. దానినిబట్టి 9 మాత్రమే 46 చే గుణింపఁబడి, 32 చే భాగింపఁబడి, 1652 నకుఁ గూడినది. విప్రతిషేధమునఁ బ్రబలకార్యమేదియని బాల్యమునుండియు విచారించుచు వచ్చినవాఁడనయ్యు నిచ్చట నేమఱితిని.

ఈ బలాబలవిచారమును గుండలీకరణములును నక్కఱలేని లేఖనము కలదు. పోలండుదేశపుఁ దార్కికుఁడు యాన్ వుకాషెవిచ్ 1924లో, క్రియాచిహ్నమును ముందుంచి తక్కినవానిని వెంట వ్రాయు పద్ధతిని దర్కశాస్త్రమునకై కల్పించెను. ఆ క్రమమును దలక్రిందు చేసి, సంఖ్యలను ముందును, చిహ్నమును దుదిని నుంచినచో నది విలోమ పోలిష్ లేఖనమగును. 1950 తరువాతి దశాబ్దమున ఆస్ట్రేలియాలోని చార్లెస్ హాంబ్లిన్ మొదలగువారు దీనిని గంప్యూటరుల కుపయోగించిరి. 1972లో హ్యూలెట్-పాకార్డు సంస్థవారి హెచ్.పి.-35 అను జేబుయంత్రమువలన నిది యింజనీర్లకుఁ బరిచితమయ్యెను. 1881లో పెషావరు చెంత బక్షాలీగ్రామమున దొరకిన భూర్జపత్రగణితప్రతియందును, గూడుటకు గుఱుతైన ‘యు’ అను నక్షరము సంఖ్యల తరువాతనే కానవచ్చును. ఇంతమాత్రమున నీ పద్ధతి సర్వము మనదేయనుట సాహసము. చిహ్నస్థానమునందలి సామ్యము మాత్రము స్పష్టము.

యూనిక్స్ వంశమునకుఁ జెందిన కంప్యూటరులలో ‘డీసీ’ యను సాధనము చిరకాలముగా నున్నది. బెల్ ప్రయోగశాలలో రాబర్ట్ మోరిస్, లోరిండా చెర్రీ యనువారు దీనిని రచించిరి. లినక్సునందు వెలలేకయే దొరకును. ఆజ్ఞలు వ్రాయు చోటఁ దనపేరు చిన్న ఆంగ్లాక్షరములతో వ్రాసి ‘ఎంటరు’ మీట నొక్కినచో సిద్ధమగును. అపుడు పలుకరింపు మాటయైనఁ దెరపైఁ గానరాదు; యంత్రము చెడినదని భయపడవలదు.

దీని మర్మము దొంతరయందున్నది. వంటయింట కుండపైఁ గుండ పేర్చినట్లు, వ్రాసిన సంఖ్యలొకదానిపై నొకటి చేరును. కడపట నుంచినదే ముందు తీయఁబడును. క్రియాచిహ్నము వచ్చినపుడు పై రెండు సంఖ్యలును దొలఁగి, వాని స్థానమున ఫలమాదేశముగా నిలుచును. 3 4 + 5 * అని వ్రాసితిమనుకొందము. మూఁడును నాలుగును దొంతరఁ జేరినవి. కూడిక గుఱుతు వచ్చి వానికి 7 ఆదేశమైనది. దానిపై 5 చేరినది. గుణకారపు నక్షత్రపుగుఱుతు వచ్చి 35 చేసినది. ‘పి’ అను చిన్న ఆంగ్లాక్షరము వ్రాసిన నా ఫలము తెరపైఁ గానవచ్చును. ‘ఎఫ్’ వ్రాసిన దొంతర యంతయుఁ గానవచ్చును. ‘సి’ వ్రాసిన నది శూన్యమగును.

నా లెక్క యిట్లయ్యెను: 118 2 * 7 * 9 + 46 * 32 / . ఏటవాలుగీత భాగహారమునకు గుఱుతు. ఫలము 2387. లేఖకుని 2400కు నిది మిగులఁ జేరువ. దీనిని దెనుఁగునఁ జదివి చూడుఁడు: నూటపదునెనిమిదిని రెంట గుణించి, యేడింట గుణించి, తొమ్మిది కూడి, నలువదియాఱింట గుణించి, ముప్పదిరెంట భాగింపుము. ఒక్క మాటయైనఁ గదల్పవలసిన పనిలేదు. మనవాక్యమునఁ గర్మము ముందును గ్రియ వెనుకను నుండుటయు, క్త్వార్థకములు జరిగిన వరుసనే నిలుచుటయు నిందులకుఁ గారణము. ఇంగ్లీషువారికి వింతయైన యీ క్రమము మనకు సహజము.

కొన్ని జాగ్రత్తలు వలయును. సంఖ్యలనడుమ నెడము విడువనిచో 3, 4 అనునవి సంహితనుబొంది 34 అగును. వ్యవకలన భాగహారములయందుఁ బౌర్వాపర్యము ముఖ్యము: 10 2 - అనిన 8 వచ్చును, 2 10 - అనిన ఋణము 8 వచ్చును. ఋణసంఖ్యను వ్రాయుటకు వ్యవకలనపు గీత పనికిరాదు. సంఖ్యకు ముందు అడుగుగీత నుంచవలయును. ప్రతిచిహ్నమునకును రెండు సంఖ్యల యాకాంక్ష కలదు. అవి లేనిచో దొంతర శూన్యమని యంత్రము తెలుపును. మఱియు నిది భాగహారమున శేషమును విడిచి పూర్ణాంకమునే యిచ్చును. 7 2 / అనిన 3 మాత్రమే వచ్చును. ముందుగా 2 k అనుటకు మాఱుగ ‘2’ వ్రాసి ‘కె’ అను చిన్న ఆంగ్లాక్షరమును జేర్చినచో దశాంశస్థానములు రెండు వచ్చును. అపుడు నా ఫలము 2387.68. నిజమునకది 2387.6875, మిగిలిన యంకెలను యంత్రము సవరింపక కత్తిరించును.

తప్పుగాఁ దలఁచినవాని తలఁపును దిద్దుట యే యంత్రమునకును శక్యము కాదు. ఈ పద్ధతి యందలి మేలేమనఁగా, నేది ముందు చేయవలయునో వ్రాయువాఁడే నిర్ణయింపక తప్పదు. నడుమ నడుమ ఫలమును జూచుకొనవచ్చును. తొమ్మిది కూడినపిదపఁ జూచియుండిన 1661 పంక్తులు నా కన్నులయెదుట నుండెడివి. పూర్ణమైన ప్రతిని శిథిలమని లోకమునకుఁ జెప్పు దోషమునుండి యాకులను మఱల సరిచూచుటచేతనే తప్పించుకొంటిని. ఆ వాక్యమును గొట్టివేసితిని. ఇపుడు గ్రంథసంఖ్యను వ్రాసిన ప్రతిచోటను, దానిక్రింద సంఖ్యలను జిహ్నములను నీ వరుసనే యుంచుచున్నాను. నా మాటను నమ్మనివారు తామే చేసి చూచుకొనవచ్చును.