జీఆర్‌ఈ ఫీజు కట్టేముందు పాస్‌పోర్ట్ తీసి చూడండి

మొన్న నువైద్రాత్‌లో మా ఇంటి కింద కోల్డ్ స్టోర్ దగ్గర ఒక చెల్లి అడిగింది. "అక్కా, పదిహేనేళ్లుగా నైట్ డ్యూటీలే. ఇప్పుడు అమెరికాలో మాస్టర్స్‌కి అప్లై చేద్దామంటే జీఆర్‌ఈ అంటున్నారు. నాది బైపీసీ, పదో తరగతితోనే లెక్కలు వదిలేశాను. నావల్ల అవుతుందా?"

మీలో చాలామందికి ఇదే అనుమానం ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

ముందు అసలు రాయాలో లేదో చూడండి. నర్సింగ్ మాస్టర్స్‌కి జీఆర్‌ఈ అడగని యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ అడుగుతుంది, పక్కది అడగదు. కాబట్టి మీరు చేరాలనుకున్న కోర్సు పేజీనే చదవండి.

రాయాల్సి వస్తే భయం వద్దు. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలే. ఒక వ్యాసం, ఇంగ్లిష్ 27 ప్రశ్నలు, లెక్కలు 27. శాతాలు, నిష్పత్తులు, బీజగణితం, జామెట్రీ, గ్రాఫులు. అన్నీ స్కూల్లో చదివినవే. స్క్రీన్ మీద కాలిక్యులేటర్ కూడా ఇస్తారు. తప్పు రాస్తే మార్కులు తగ్గించరు, కాబట్టి ఏ ప్రశ్నా వదలకండి.

జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ 2 ఏళ్లే. అందుకే జీఆర్‌ఈ ముందు, ఇంగ్లిష్ పరీక్ష తర్వాత పెట్టుకుంటే మంచిది. ఉద్యోగం కోసం ఎప్పుడో రాసిన ఐఈఎల్‌టీఎస్ పనికొస్తుందనుకోకండి. యూనివర్సిటీలకు కావాల్సింది అకడమిక్ రకం, జనరల్ కాదు.

ఇక నా సంగతి. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, నా పేరు అన్నీ కలిపి గివెన్ నేమ్‌లోనే ఉన్నాయి, సర్‌నేమ్ గడి ఖాళీ. నేనేమో రిజిస్ట్రేషన్‌లో ఇంటిపేరు విడదీసి రాశాను. పరీక్ష రోజు పేర్లు కలవలేదని వెనక్కి పంపేశారు. ఫీజు 220 డాలర్లు, అంటే దాదాపు 83 దినార్లు పోయాయి. అమ్మ మందులకు పంపాల్సిన డబ్బు అది. తప్పు నాదే, ఎవరిని అంటాం? ఆ రాత్రి డ్యూటీకి ఏడుస్తూ వెళ్లాను.

మన తెలుగువాళ్లలో ఇలాంటి పాస్‌పోర్ట్‌లు చాలా ఉన్నాయి. కాబట్టి ఈ రాత్రే మీది తీసి చూడండి. అందులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే ఏం రాయాలో డబ్బు కట్టకముందే పరీక్ష పెట్టేవాళ్లను, అంటే ఈటీఎస్ వాళ్లను అడగండి. వాళ్ల పవర్‌ప్రెప్‌లో రెండు ఉచిత మోడల్ పరీక్షలున్నాయి. సెలవు రోజు ఒకటి రాసి చూస్తే మీరు ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

ఆ చెల్లికి కూడా ఇదే చెప్పాను. పిల్లల పదో తరగతి లెక్కల పుస్తకం అడిగి తీసుకుందట.