ఇంటిపేరును తీర్పును



నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెపాఠశాలలలో వ్యాకరణమును నీతిపద్యములను బోధించి విశ్రాంతి గొన్నవాడను. న్యాయవాదిని కాను. అయినను గ్రామములో చదువు వచ్చిన వృద్ధునికి కోర్టు కాగితములు చదివి చెప్పు పని తప్పదని మీరందఱు నెఱుగుదురు. నేటి ప్రసంగవిషయము నాకట్లే లభించినది.

మా గ్రామమున నాయుడుగారని యొక రైతు నాకు చిరకాలమిత్రుడు. ఆయనకును ప్రక్కపొలము వానికిని గట్టు విషయమై వ్యాజ్యము నడచుచుండెను. ఒకనాటి సాయంకాలము ఆయన నోటీసు చేతబట్టుకొని మా యరుగు మీదికి వచ్చి, "పంతులుగారూ, వ్యాజ్యము మానుకొందునా యని యున్నది" అనెను. కారణ మడుగగా, "ప్రతివాది పేరు చివర రావు. క్రొత్తగా వచ్చిన జడ్జీగారి పేరు చివరను రావే. వారు వారు నొకటేనట. పట్టణములో నొకడు చెప్పినాడు. కొంత సొమ్మిచ్చినచో తానే జడ్జీగారితో మాటలాడి చక్కబెట్టునట" అని చెప్పెను.

నేను, "నాయుడుగారూ, మీ వియ్యంకుని పేరు చివర నేమున్నది? రావే కదా! ఆయన జడ్జీగారికి చుట్టమా?" అంటిని. ఆయన నవ్వెను గాని భయము తీరలేదు. ఆ భయము పేరును గూర్చిన యజ్ఞానమునుండి పుట్టినది. ఆ యజ్ఞానమును దళారులు సొమ్ము చేసికొనుచుందురు. కావున పేరునకును తీర్పునకును గల సంబంధ మెంతటిదో విచారింతము.

మొదట మన పేర్ల సంగతి. తెలుగువారిలో ఇంటిపేరు ముందుండును, పెట్టిన పేరు తరువాత వచ్చును. రావు, రెడ్డి, నాయుడు, శాస్త్రి, శర్మ మొదలగునవి పేరు చివర చేరు గౌరవపదములు గాని, కులసూచకములు గాని యగును, ఇంటిపేర్లు కావు. అందులో రావు అనునది అనేక కులములవారికి సామాన్యము. ఇంగ్లీషువారి పద్ధతి దీనికి విపర్యయము. వారికి వంశనామము చివర నుండును. మన కోర్టులలో లా రిపోర్టులు ఇంగ్లీషు మర్యాద ననుసరించి పుట్టినవి. అందుచేత మన ఇంటిపేరు ఒక యక్షరముగా కుదించుకొని పోయి, చివరి మాటయే వంశనామమువలె కనబడజొచ్చినది.

దీనికి చక్కని నిదర్శనము కోకా సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరున నెలకొల్పబడిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధానన్యాయమూర్తియై, 1966 జూను 30 నుండి 1967 ఏప్రిలు 11 వఱకు భారత ప్రధానన్యాయమూర్తిగా నుండిరి. ఆయన ఇంటిపేరు కోకా, రావు కాదు. ఉత్తరదేశమువారు ఆయనను రావుగారని యెంచి, రావులందఱు నొక వంశమువారని తలచినచో అది మన దోషము కాదు, పేరు వ్రాయు పద్ధతిలోని చిక్కు.

రెడ్డి యను పేరును చూడుడు. సుప్రీముకోర్టులో పి. జగన్మోహనరెడ్డి, ఓ. చిన్నప్పరెడ్డి, కె. జయచంద్రారెడ్డి, బి. పి. జీవన్‌రెడ్డి, పి. వెంకటరామరెడ్డి, బి. సుదర్శనరెడ్డి, ఆర్. సుభాష్‌రెడ్డి అను నేడ్గురు వేర్వేఱు కాలములలో న్యాయమూర్తులైరి. వీరిలో జయచంద్రారెడ్డిగారును జీవన్‌రెడ్డిగారును కొన్ని యేండ్లు ఒకే కాలమున నుండిరి. అందుచేత ఊరక రెడ్డిగారి తీర్పు అన్నచో ఎవరి తీర్పో తెలియదు. జాతీయగీతము పాడక మౌనముగా నిలిచిన ముగ్గురు పిల్లలను బడినుండి వెడలగొట్టుట తగదని 1986లో తీర్పు వ్రాసినవారు చిన్నప్పరెడ్డిగారు. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లను గూర్చి 1992లో ప్రధానమైన తీర్పు వ్రాసినవారు జీవన్‌రెడ్డిగారు. ఒకరి మాట నొకరికి అంటగట్టిన యెడల ఇరువురకును అన్యాయము చేసినవార మగుదుము.

ఇట్టి చిక్కు ఇతరదేశములలోను కలదు. ఇంగ్లండులో ఒకే వంశనామము గల జడ్జీలిద్దరు ఏకకాలమున నున్నయెడల, వెనుక వచ్చిన వానిని పెట్టిన పేరుతో గూడ పిలుచు నాచారము కలదు. 1975లో రాబర్టు గాఫు హైకోర్టు జడ్జీ యగునప్పటికే రెజినాల్డు గాఫను మఱియొక జడ్జీ యుండెను. అందుచేత రిపోర్టులలో ఈయనను రాబర్టు గాఫు అని పూర్తిగా వ్రాసిరి. చిన్న యేర్పాటే గాని ఎంతయో గందరగోళమును తప్పించినది.

అమెరికా సుప్రీముకోర్టులో మార్షలు అను పేరుతో ఇద్దరు న్యాయమూర్తులైరి. జాన్ మార్షలు 1801 నుండి 1835 వఱకు ప్రధానన్యాయమూర్తి. ఆయన బానిసలను గలిగియున్నవాడు. థర్‌గుడ్ మార్షలు 1967లో ఆ పీఠమెక్కిన మొదటి నల్లజాతివాడు, బానిసల సంతతివాడు. పేరొకటే, చరిత్రలు చూడగా ఒకటి తూర్పు, ఒకటి పడమర. అదే కోర్టులో జాక్సను అను పేరు గలవారు మువ్వురు. వారిలో 2022లో వచ్చిన కెటాంజీ బ్రౌన్ జాక్సనుగారికి ఆ పేరు భర్తవలన వచ్చినది. పుట్టింటి పేరు బ్రౌన్. కాబట్టి పేరు ఒకటైనంతమాత్రమున రక్తమొకటి యని నిశ్చయింపరాదు.

అయితే మీలో నొకరు, "పంతులుగారూ, రక్తమే ఒకటైనచో నేమి?" అని యడుగవచ్చును. సరియైన ప్రశ్న. దానికి మన దేశ చరిత్రయే సమాధానము చెప్పినది.

1975లో అత్యవసరపరిస్థితి ప్రకటింపబడినది. విచారణ లేక నిర్బంధింపబడినవారు, "మమ్మేల నిర్బంధించిరో చూడుడు" అని హైకోర్టుల కెక్కవచ్చునా యను ప్రశ్న సుప్రీముకోర్టు ముందునకు వచ్చెను. 1976 ఏప్రిలు 28న ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు, ఎక్కరాదని చెప్పిరి. ఆ నలుగురిలో వై. వి. చంద్రచూడుగారొకరు. హెచ్. ఆర్. ఖన్నాగారొక్కరే ఎక్కవచ్చునని భిన్నముగా వ్రాసిరి. మఱుసటి సంవత్సరము ప్రధానన్యాయమూర్తి పదవి వారికి రావలసియుండగా, వారికంటె వెనుకవారి కీయబడెను. వారు రాజీనామా చేసిరి. వై. వి. చంద్రచూడుగారు 1978 నుండి 1985 వఱకు ప్రధానన్యాయమూర్తిగా నుండిరి.

ఆయన కుమారుడు డి. వై. చంద్రచూడుగారు. మన స్వవిషయములు మనవిగా నుంచుకొను గోప్యత మూలహక్కగునా కాదా యని తొమ్మండుగురు న్యాయమూర్తులు విచారించి 2017 ఆగస్టు 24న అగునని తీర్పు చెప్పిరి. ఆ సందర్భమున కుమారుడు తన తీర్పులో 1976 నాటి అధికసంఖ్యాకుల తీర్పు దోషయుక్తమని త్రోసిపుచ్చెను. అనగా తండ్రి చేరిన తీర్పును కుమారుడు కొట్టివేసెను. నిలబెట్టినది తండ్రి మాటను కాదు, ఏకాకియైన ఖన్నాగారి మాటను. అంతియగాక, 1962లో ఖరక్‌సింగు వ్యాజ్యమున మన సుబ్బారావుగారు అల్పసంఖ్యాకులలో నుండి, గోప్యత స్వేచ్ఛలో భాగమని వ్రాసిన యభిప్రాయము సైతము ఆ 2017 తీర్పున ఆదరింపబడెను. చూచితిరా! కన్నతండ్రి మాట తొలగినది. ఎక్కడనో గోదావరితీరమున పుట్టిన పరాయివాని మాట నిలిచినది.

మఱుసటి యేడు, 2018 సెప్టెంబరు 27న, వ్యభిచారమును నేరముగా నెంచిన శిక్షాస్మృతి సెక్షనును ఐదుగురు న్యాయమూర్తులు కొట్టివేసిరి. 1985లో ఆ సెక్షనును సమర్థించినవారు తండ్రిగారే. కొట్టివేసిన యైదుగురిలో నొకరు కుమారుడు.

ఇచ్చట మీరొక మర్మమును గమనింపవలెను. కుమారుడు తండ్రి తీర్పును మార్చగలిగినది కుమారుడగుటచేత కాదు. మొదటి విషయమున తండ్రి కూర్చున్నది ఐదుగురి బెంచి, కుమారుడు కూర్చున్నది తొమ్మండుగురి బెంచి. రెండవ విషయమున తండ్రిది ముగ్గురి బెంచి, కుమారునిది ఐదుగురి బెంచి. చిన్న బెంచి తీర్పును పెద్ద బెంచి మార్చవచ్చును. ఇది న్యాయస్థానపు నియమము. బలము సంఖ్యలోను హేతువులోను ఉన్నది, పేరులో లేదు.

మన ధర్మశాస్త్రమును ఈ మాటనే చెప్పినది. సభ్యులుగా నియమింపబడువారు శత్రుమిత్రులయెడ సమముగా నుండువారు కావలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది.

అయినను నిజముగా చుట్టరికమున్నచో నేమి చేయవలెను? తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కారాదనునది పాతసూత్రము. 1852లో ఇంగ్లండున లార్డు కాటెన్‌హాము అను లార్డు ఛాన్సలరునకు ఒక కాలువ కంపెనీలో వాటాలుండెను. ఆయన ఆ కంపెనీకి అనుకూలముగా నిచ్చిన యుత్తరువును, ఆయన పక్షపాతము చూపెనని యెవ్వరును తలపకున్నను, హౌస్ ఆఫ్ లార్డ్సు రద్దుచేసెను. మన కోర్టులలోను సంబంధము గల జడ్జీ ఆ వ్యాజ్యమునుండి తప్పుకొనుట మర్యాద. తప్పుకొననిచో, కారణములు చూపి, వ్యాజ్యమును వేఱొక కోర్టునకు మార్పుమని జిల్లాకోర్టునకు గాని హైకోర్టునకు గాని అర్జీ పెట్టుకొనవచ్చును. సివిల్ ప్రొసీజరు కోడు 24వ సెక్షను అందులకే యున్నది. కాని కారణము చుట్టరికమో లాభమో కావలెను. పేరు చివరి రెండక్షరములు చాలవు.

కావున పెద్దలారా, మీ యూరిలో నెవరైన ఒక తీర్పును గూర్చి చెప్పినప్పుడు నాలుగు ప్రశ్న లడుగుడు. ఆ జడ్జీగారి పూర్తి పేరేమి? ఏ కోర్టు? ఏ సంవత్సరము? ఎందఱు కూర్చున్న బెంచి, అందులో అది అధికసంఖ్యాకుల మాటయా, అల్పసంఖ్యాకుల మాటయా? ఈ నాలుగింటికి సమాధానము చెప్పలేనివాడు వట్టి పేరును మాత్రమే మోసికొని వచ్చినాడని యెఱుగుడు. పేరు చెప్పి సొమ్మడుగువానిని గడప త్రొక్కనీయకుడు.

నాయుడుగారి సంగతి చెప్పి విరమింతును. ఆ రాత్రి ఆయన నా మాట విని దళారికి కాసైన నీయలేదు. తన పత్రములను, పొలము కొలతలను జాగ్రత్తగా కట్టగట్టుకొని వాయిదాకు వెళ్లెను. కొన్ని నెలలకు తీర్పు వచ్చెను. గట్టు నాయుడుగారిదేనని తేలినది. గట్టుమీది తుమ్మచెట్లు మాత్రము ప్రతివాదివని తేలినది. నేను కళ్లజోడు పెట్టుకొని తీర్పు మొదటినుండి తుదివఱకు చదివి వినిపించితిని. గట్టు ఏల వచ్చినదో, చెట్లేల పోయినవో, రెంటికిని కారణములు కాగితములలో నుండెను. ఆయన సాంతముగా విని, "పంతులుగారూ, చెట్లు పోయినందుకు నా కాగితమే తక్కువైనది గాని, జడ్జీగారి పేరు కాదు" అనెను.

ఆ మాట మీకు విన్నవించి సెలవు గైకొనుచున్నాను.