బ్రెడ్ మేకర్‌లో గోధుమ బ్రెడ్: మొదటి పది నిమిషాలు

బజారులో ‘బ్రౌన్ బ్రెడ్’ పేరుతో దొరికేదంతా గోధుమ బ్రెడ్ కాదు. పొట్లం వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల పట్టిక చదవండి. మొదటి పేరు మైదా అయి, చివర కారమెల్ రంగు కనిపిస్తే, ఆ వన్నె చాలావరకు రంగు ఇచ్చిందే. ఇంట్లో మధుమేహం ఉన్నవారి కోసమని దాన్నే ఎక్కువ ధరకు కొనేవారున్నారు. బ్రెడ్ మేకర్ ఉన్న ఇంట్లో ఈ అనుమానం ఉండదు, అందులో వేసేది మీరే కనుక. (గోధుమ బ్రెడ్ కూడా రక్తంలో చక్కెరను పెంచేదే. పీచు ఉంది కదా అని ముక్కల లెక్క మరచిపోరాదు.) అయితే చాలామందికి మొదటిసారి గోధుమ బ్రెడ్ ఇటుకలా వస్తుంది. కారణం తెలిస్తే సరిచేయడం కష్టం కాదు.

పిండిలో నీరు కలిపి పిసికినప్పుడు గ్లయడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే వలగా ఏర్పడతాయి. ఈస్ట్ విడుదల చేసే కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టి ఉంచేది ఈ వలే. గోధుమ పొట్టు దీన్ని అక్కడక్కడ తెంపుతుంది. పైగా నీటిని నెమ్మదిగా, కానీ ఎక్కువగా పీలుస్తుంది. మన చపాతీ పిండికి మరో లక్షణం ఉంది. చక్కీ రాళ్ల ఒత్తిడికి, వేడికి కొన్ని స్టార్చ్ రేణువులు చితికిపోతాయి. చితికిన స్టార్చ్ మరింత నీరు తాగుతుంది. చపాతీ మెత్తగా రావడానికి ఇది తోడ్పడుతుంది. విదేశీ పుస్తకంలోని నీటి కొలత మన పిండికి చాలకపోవడానికీ ఇదొక కారణం.

ఇక యంత్రం సంగతి. జపాన్‌లో మత్సుషిత సంస్థ ఇంటి బ్రెడ్ యంత్రాన్ని రూపొందిస్తున్న రోజుల్లో, అది పిండిని సరిగా పిసకలేకపోయింది. 1985లో ఆ సంస్థకు చెందిన ఇకుకో తనాకా ఒసాకాలో ఒక హోటల్ బ్రెడ్ నిపుణుడి దగ్గర పని నేర్చుకుని, ఆయన పిండిని లాగుతూ మెలితిప్పడం గమనించారు. ఆ కదలిక కోసం గిన్నె లోపలి గోడకు ప్రత్యేకమైన గట్లు అమర్చారు. అలా చేతి కదలిక యంత్రానికి వచ్చింది. పిండి గట్టిగా ఉందో జారుగా ఉందో తెలుసుకునే స్పర్శ మాత్రం రాలేదు. ఆ పని మీదే.

400 గ్రాముల గోధుమపిండికి 300 మిల్లీలీటర్ల నీరు, రెండు పెద్ద చెంచాల నూనె, ఒక పెద్ద చెంచా బెల్లం తురుము, ఒక చిన్న చెంచా ఉప్పు, ఒకటిన్నర చిన్న చెంచాల ఇన్‌స్టెంట్ ఈస్ట్ తీసుకోండి. గిన్నెలో ముందు ద్రవాలు, తరువాత పిండి, పైన చిన్న గుంట చేసి ఈస్ట్ వేయాలి. కొన్ని యంత్రాలకు ఈ వరుస తలకిందులుగా ఉంటుంది, దానితో వచ్చిన పుస్తకం చూడండి. ‘హోల్ వీట్’ కార్యక్రమాన్నే ఎంచుకోండి. అందులో పొట్టు నానడానికి, పిండి పొంగడానికి ఎక్కువ సమయం ఉంటుంది.

పిసకడం మొదలైన పది నిమిషాలకు మూత తీసి చూడండి. ముద్ద చపాతీ పిండి కంటే మెత్తగా, వేలికి కాస్త అంటుకునేలా ఉండాలి. పొడిగా విరుగుతుంటే నీరు ఒక్కో చెంచా చొప్పున పోయండి. గోడలకు పూసుకుపోతుంటే పిండి ఒక చెంచా వేసి, రెండు నిమిషాలు ఆగండి. పొట్టు ఇంకా నీరు పీలుస్తూనే ఉంటుంది, తొందరపడకండి. కాల్చడం మొదలయ్యాక మాత్రం మూత తీయవద్దు.

వేసవిలో మేడ మీది ట్యాంకు నీరు వేడెక్కి ఉంటుంది. పిండి వేగంగా పొంగి, కాలేటప్పుడు నడినెత్తి కుంగిపోతుంది. చల్లని నీరు వాడి, ఈస్ట్ పావు చెంచా తగ్గించండి. రాత్రి టైమర్ పెట్టేటట్లయితే పాలు పోయకండి, విరిగిపోవచ్చు. కరెంటు పోతే చాలా యంత్రాలు కొద్ది నిమిషాలే జ్ఞాపకం ఉంచుకుంటాయి. అప్పటికి పిసకడం పూర్తయితే కంగారు లేదు. పిండి గిన్నెలోనే పొంగనిచ్చి, కరెంటు వచ్చాక ‘బేక్’ మీట ఒక్కటే నొక్కండి.

గంట మోగగానే బ్రెడ్‌ను గిన్నెలోంచి తీయండి. అలాగే వదిలితే ఆవిరికి అడుగు తడిసిపోతుంది. జాలీ మీద కనీసం గంటసేపు ఆరనివ్వాలి, వేడి మీద కోస్తే లోపల జిగటగా ఉంటుంది. మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టేవారు ఎక్కువ, కానీ ఆ చలికి స్టార్చ్ త్వరగా గట్టిపడుతుంది. రెండు రోజులకు సరిపడా బయట డబ్బాలో ఉంచి, తక్కినది ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు తీసి నేరుగా పెనం మీద కాల్చుకోవచ్చు.