మీకు తెలుసా? చిన్ననాటి ఈత ఒంటిని వదలదు

చిన్నప్పుడు పోటీల కోసం ఈత కొట్టినవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత నీళ్లలోకి దిగినా చేతుల ఊపు, ఊపిరి లెక్క పెద్దగా తప్పవు. అలవాటైన కదలికల్ని మెదడు అంత తేలిగ్గా మరవదు. సాధన ఆపిన కొన్ని వారాలకే తగ్గిపోయేది దమ్ము. చిక్కంతా ఇక్కడే: పాత వేగం గుర్తుంటుంది, భుజాల్లో పాత సత్తువ ఉండదు. మొదటి రోజే పందెం వేసుకుంటే భుజం పట్టేసే ప్రమాదం ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో నడుముకు సొరకాయ బుర్రో, ప్లాస్టిక్ డబ్బానో కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చిన ఈత వేరు. అది నీటి భయం పోగొడుతుంది (అదేం తక్కువ కాదు!). కానీ బావి ఈతలోలా తల పైకెత్తి ఈదితే నడుము కిందికి దిగి, దూరం వెళ్లేకొద్దీ అలుపొస్తుంది. తల నీళ్లలో ఉంచి ఊపిరి వదలడం పెద్దయ్యాకా నేర్చుకోవచ్చు.

హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటారు. పెద్దయ్యాక పోటీ పడాలన్నా దారి ఉంది: ప్రపంచ మాస్టర్స్ ఈత పోటీల్లో వయసు విభాగాలు 25 ఏళ్ల నుంచే మొదలవుతాయి.