పొర ఆపిన ఉప్పు ఎక్కడికి పోవును?

మాగాయ పెట్టునపుడు మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో ఉంచిన, మూడవనాటికి ఊట దిగును. ముక్కలలోని నీరు, కణముల పొరలను దాటి, ఉప్పు అధికముగా నున్న వైపునకు వచ్చినదన్నమాట. నీటిని పోనిచ్చి, అందు కరగిన పదార్థములను ఆపు పొరను అర్ధప్రవేశ్యక పొర యనియు, అట్లు నీరు పొరను దాటుటను ద్రవాభిసరణమనియు అందురు. 1748లో నోలే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పంది మూత్రకోశపు పొరతో దీనిని పరీక్షించి చూచెను.

ఉప్పునీటి వైపున తగినంత ఒత్తిడి కలిగించినచో ఏమగును? నీరు ఎదురు నడచును. ఉప్పు వెనుక నిలిచిపోవును. ఇదియే విలోమ ద్రవాభిసరణము. ఇందుకు సముద్రపు నీటికి సుమారు 27 వాతావరణ పీడనములకు మించిన ఒత్తిడి కావలెను. లీటరుకు ఒక గ్రాము లవణములున్న బావినీటికి ఒక వాతావరణ పీడనము దాటిన చాలును. కాని నీరు త్వరగా వచ్చుటకై వాడుకలో అంతకు కొన్ని రెట్లు ఒత్తిడి పెట్టుదురు.

చిరకాలము తగిన పొర దొరకలేదు. 1959 ప్రాంతమున కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ కలసి సెల్యులోజ్ ఎసిటేట్‌తో నీటిని వేగముగా విడుచు పొరను తయారుచేసిరి. 1965లో ఆ రాష్ట్రమందలి కోలింగా పట్టణమున ఉప్పని భూగర్భజలమును ఇట్టి పొరతోనే తాగునీరుగా మార్చిరి.

మన నల్లగొండ, ప్రకాశం జిల్లాలలో సమస్య ఉప్పదనము మాత్రమే కాదు. అచటి రాళ్లనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును. మరీ హెచ్చయినచో ఎముకలు వంగును. ఆర్.ఓ. పొర ఈ ఫ్లోరైడులో అధికభాగమును ఆపగలదు.

కాని ఆపుట వేరు, నశింపజేయుట వేరు. ఒక లెక్క చూడుడు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల 100 లీటర్ల నీటిలో 300 మిల్లీగ్రాములుండును. అందుండి 25 లీటర్లు మంచినీరుగా వచ్చి, 75 లీటర్లు వ్యర్థజలముగా పోయినదనుకొనుడు. పొర ఫ్లోరైడునంతటిని ఆపినచో, వ్యర్థజలమున లీటరుకు 4 మిల్లీగ్రాములు చేరును. ఆ నీటిని బోరు ప్రక్కనే ఇంకనిచ్చిన, నేడు మన బిందెనుండి తీసినది రేపు పొరుగువాని బావిలో చేరును.

కావున ఆ నీటిని ఇల్లు కడుగుటకో, మరుగుదొడ్డికో వాడుకొని, బావులకు దూరముగా పంపుట మేలు. విద్యార్థులు తమ పాఠశాలలోని యంత్రము గంటకు ఎంత మంచినీరు ఇచ్చుచున్నదో, ఎంత నీరు విడుచుచున్నదో బకెట్లతో కొలిచి, పై లెక్కను తామే చేసి చూడవచ్చును.