లెక్కల సాధన

పరీక్షలు సమీపించినంతనే ఇంటింటను మాదిరి ప్రశ్నపత్రములు బయలుదేరును. విద్యార్థులు రాత్రింబవళ్లు వాని ముందు కూర్చుందురు. అయినను ఫలితములు వెలువడినప్పుడు ఒక విచిత్రము కానవచ్చును. నూరు లెక్కలు చేసినవానికంటె నలువది లెక్కలు చేసినవాడు ఒక్కొక్కప్పుడు ఎక్కువ మార్కులు పొందుచుండును. వెనుకబడినవాడు, తనకు లెక్కలు రావనియు, తన తలరాత అంతేననియు తలచి, గణితమునే విడిచిపెట్టును. ఇది విచారింపదగిన విషయము. లోపము అతని తలలో లేదు, తలరాతలోను లేదు. సాధన చేసిన పద్ధతిలో ఉన్నది.

పెక్కుమంది సాధన ఇట్లుండును. ప్రశ్న చదివి, రెండు నిమిషములు ఆలోచించి, ఏమియు తోచనిచో వెంటనే ముద్రించిన పరిష్కారమును చూతురు. చూడగానే అంతయు తెలిసినట్లే ఉండును. “ఓహో, ఇంతేకదా!” అని మరియొక లెక్కకు పోవుదురు. కాని, ఒకరు చేసినదానిని చూచి గ్రహించుట వేరు, తాను చేయగలుగుట వేరు. చెరువుగట్టుపై కూర్చుండి ఈదువారిని ఎన్ని దినములు చూచినను ఈత రాదు. నీటిలో దిగి, నాలుగు గుక్కలు మ్రింగినవానికే అది పట్టుబడును.

కావున మొదటి నియమమిది: పరిష్కారమును చూచుటకు ముందు స్వయముగా గట్టి ప్రయత్నము చేయవలెను. పది, పదునైదు నిమిషములు శ్రమించినను మార్గము కానరానిచో, పరిష్కారములోని మొదటి పంక్తిని మాత్రము చూచి, పుస్తకము మూసి, మిగిలినది తానే పూర్తి చేయవలెను.

ఇందుకు శ్రీనివాస రామానుజన్ జీవితము గొప్ప నిదర్శనము. 1887లో ఈరోడున జన్మించి కుంభకోణమున పెరిగిన ఆయనకు, 1903లో జి. ఎస్. కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన గణితగ్రంథము లభించెను. కార్ విద్యార్థులను గణిత పరీక్షలకు సిద్ధపరచు ఉపాధ్యాయుడు. వారి ఉపయోగార్థమే ఆ గ్రంథమును కూర్చెను. అందు వేలకొలది గణితఫలితములు వరుసగా ఉన్నవి. వాని నిరూపణములు మిక్కిలి క్లుప్తములు. పెక్కింటికి అసలే లేవు. ఇతరులకు లోపముగా తోచునది రామానుజన్‌కు వరమైనది. ఒక్కొక్క ఫలితమును తానే నిరూపింప పూనుకొనెను. కాగితము ఖరీదైనదగుటచే పలకపై వ్రాసి, మోచేతితో తుడిచి, మరల వ్రాసెడివాడు. 1918లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. అందరును రామానుజన్ వంటి మేధావులు కాలేరు. కాని పలక ముందు ఆయన చూపిన ఓర్పును ఎవరైనను అలవరచుకొనవచ్చును.

ప్రయత్నము చేయుటకును ఒక క్రమము కలదు. రామానుజన్ జన్మించిన 1887లోనే హంగేరీ దేశమున జన్మించిన జార్జి పోల్యా అను గణితవేత్త, 1945లో ప్రచురించిన గ్రంథమున దానిని నాలుగు మెట్లుగా వివరించెను: ప్రశ్నను గ్రహించుట, ఉపాయమును ఆలోచించుట, దానిని అమలుజరుపుట, వెనుకకు తిరిగి చూచుట.

ఒక ఉదాహరణము చూతము. దీర్ఘచతురస్రాకారమైన ఒక పెరటి పొడవు దాని వెడల్పునకు రెట్టింపు. చుట్టుకొలత 90 మీటర్లు. వైశాల్యమెంత?

మొదట, ఇచ్చినదేమి, అడిగినదేమి అని విచారింపవలెను. అడిగినది వైశాల్యము. పొడవు కనుగొని అంతటితో నిలిచిపోవువారు అనేకులు. పటము గీసినచో ఈ పొరపాటు తగ్గును. పిమ్మట ఉపాయము: వెడల్పు ఒక పాలు అనుకొన్నచో పొడవు రెండు పాళ్లు. చుట్టుకొలతలో రెండు పొడవులును, రెండు వెడల్పులును, అనగా ఆరు పాళ్లుండును. 90ని 6చే భాగింపగా వెడల్పు 15 మీటర్లు. పొడవు 30 మీటర్లు. వైశాల్యము 450 చదరపు మీటర్లు.

ఇక నాలుగవ మెట్టు. 30, 15, 30, 15 కూడినచో 90 వచ్చినది. కావున కొలతలు సరియైనవే. ఒక విద్యార్థి తొందరపడి ఆరు పాళ్లకు బదులు మూడు పాళ్లే తీసికొనెననుకొందము. అతనికి వెడల్పు 30, పొడవు 60 వచ్చును. చుట్టుకొలతను సరిచూచినచో 180 తేలును. తప్పు తనంతట తానే బయటపడును. ఈ పరీక్షకు పట్టునది ఒక్క నిమిషమే. అయినను ఎక్కువమంది ఎక్కకుండ విడిచిపెట్టునది ఈ మెట్టునే.

తప్పు వచ్చినప్పుడు దానిని కొట్టివేసి ముందుకు పోరాదు. అది ఏ జాతి తప్పో తెలిసికొనవలెను. 500 రూపాయల వస్తువు ధరను 20 శాతము పెంచి, ఆ ధరపై 20 శాతము తగ్గించినచో ధర మరల 500 అగునని కొందరు వ్రాయుదురు. నిజమునకు ధర 600కు పెరిగి, అందు 120 తగ్గి, 480 అగును. ఇది కూడికలోని పొరపాటు కాదు. శాతము దేనిపై అను భావము తెలియకపోవుట. దీనికి మందు పాఠమును మరల చదువుట. 96ను 69గా ఎత్తివ్రాయుట వేరొక జాతి. దానికి మందు నిదానము. ప్రశ్నను సరిగా చదువకపోవుట మూడవది. ఒక చిన్న పుస్తకమున తప్పులను ఇట్లు విభజించి వ్రాసికొని, వారము దినముల పిదప ఆ లెక్కలనే చూడకుండ మరల చేయవలెను.

సూత్రమును చెప్పి, వెంటనే లెక్క ఇచ్చుట మన ప్రాచీనుల పద్ధతి. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతి అట్టిదే. నేర్చుకొనుటకు ఇది చక్కని మార్గము. కాని పరీక్షలో ఏ లెక్కకు ఏ సూత్రమో ఎవరును చెప్పరు. కనుక ఒక్కొక్క అధ్యాయము పట్టుబడిన పిమ్మట, పలు అధ్యాయముల లెక్కలను కలిపి చేయవలెను.

గడియారమును చివరనే ముందు పెట్టుకొనవలెను. పరీక్షాకాలము 3 గంటలు, మార్కులు 100 అనుకొందము. ప్రశ్నలు చదువుటకు 15, సరిచూచుటకు 15 నిమిషములు పోగా 150 నిమిషములు మిగులును. అనగా మార్కునకు ఒకటిన్నర నిమిషము. 4 మార్కుల లెక్కకు 6 నిమిషములు. తెలిసిన లెక్కలు ముందుగా చేసి, మొండికెత్తిన దానిని పిదప పట్టుకొనుట వివేకము.

పూర్తి చేసిన లెక్కల సంఖ్యను చూచి ఎవరును గర్వింపరాదు. తప్పిన లెక్కలను చూచి సిగ్గుపడరాదు. నిన్న తప్పిన లెక్క నేడు ఎవరి సాయమును లేక సరియైనచో, ఆ దినమున విద్యార్థి ఒక మెట్టు పైకెక్కినట్లే.