ఆకుపచ్చ త్రిభుజం చెప్పని సంగతులు

మాంకోజెబ్ అంటే గుర్తుపట్టని రైతు కూడా ఎం-45 అనగానే గుర్తుపడతాడు. మిరపలో కాయకుళ్లు, వేరుసెనగలో తిక్క ఆకుమచ్చ, టమాటా, బంగాళదుంపల్లో ఆకుమాడు తెగులు కనబడితే ముందుగా గుర్తొచ్చే శిలీంధ్రనాశిని ఇదే. 1960ల తొలినాళ్ల నుంచి వాడకంలో ఉన్న ఈ పసుపు పొడిని మామూలుగా లీటరు నీటికి రెండున్నర గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేస్తారు. మాంగనీసు, జింకు, గంధకం కలిసిన కర్బన సమ్మేళనం ఇది. మొక్క లోపలికి పాకదు. ఆకు పైనే పొరలా ఉండి శిలీంధ్రం మొలకెత్తకుండా అడ్డుకుంటుంది. శిలీంధ్ర కణాన్ని ఒకేసారి అనేక చోట్ల దెబ్బతీస్తుంది కాబట్టి అరవై ఏళ్లయినా తెగుళ్లు దీనికి అలవాటు పడలేదు.

మన దేశంలో ఈ మందును ఆకుపచ్చ త్రిభుజం తరగతిలో చేర్చారు. అంటే ‘స్వల్ప విషం’. ఇదే మందుకు అనుమతి పొడిగించేది లేదని 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ తేల్చి చెప్పింది. ఒకచోట అన్నిటికన్నా తక్కువ విషమని ముద్ర, ఇంకోచోట అసలు వద్దని నిర్ణయం. రెంటిలో ఏదీ అబద్ధం కాదు. ఆ త్రిభుజం జవాబు చెప్పేది ఒకే ఒక్క ప్రశ్నకు. ఒక రసాయనం ఎంత ప్రమాదకరమో తేల్చాలంటే అడగాల్సిన ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయి.

రంగుల పద్ధతి 1968 నాటి కీటకనాశనుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలతో మొదలైంది. పేరులో కీటకాలే ఉన్నా శిలీంధ్రనాశనులు, కలుపు మందులు కూడా ఈ చట్టం కిందకే వస్తాయి. ప్యాకెట్ మీద మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి ఉండాలి. దాన్ని అడ్డంగా రెండు త్రిభుజాలు చేసి, పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు వేస్తారు. లేబుల్ ముఖభాగంలో పదహారో వంతుకు తగ్గకుండా ఆ చదరం కనబడాలి. నోటి ద్వారా ప్రాణం తీసే మోతాదు కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు అయితే ఎరుపు. దానికి పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉంటుంది. 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, 5000 దాటితే ఆకుపచ్చ. చర్మం ద్వారా సోకే విషానికి వేరే అంకెలున్నాయి. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు మాంకోజెబ్ అంకె 5000 పైనే తేలింది. అందుకే ఆకుపచ్చ.

ఈ అంకెలన్నిటికీ మూలం ఎల్‌డీ 50 అనే కొలత. ప్రయోగంలో ఉంచిన జంతువుల్లో సగం చనిపోవడానికి కావలసిన మోతాదు అది. 1927లో జె. డబ్ల్యు. ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. అప్పట్లో ఆయన చూసుకున్నది పురుగుమందులను కాదు. డిజిటాలిస్, ఇన్సులిన్ వంటి ఔషధాల బలం ఒక్కో బ్యాచ్‌లో ఒక్కోలా ఉంటుంటే, దాన్ని సరిపోల్చే కొలబద్ద కోసం వెతికాడు. తర్వాత అన్ని రసాయనాలకూ అదే కొలమానమైంది. జంతువుకు ఒకసారి మోతాదు ఇచ్చి, సాధారణంగా పద్నాలుగు రోజులు గమనించి లెక్క తీస్తారు. ఎక్కువ జంతువులను బలిపెట్టే పాత పరీక్షా విధానాన్ని 2002లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) తన మార్గదర్శకాల నుంచి తొలగించింది. ఇప్పుడు కొద్ది జంతువులతోనే అంచనాకు వచ్చే పద్ధతులు వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975 నుంచి అనుసరిస్తున్న వర్గీకరణ కూడా ప్రధానంగా ఈ కొలత మీదే నిలబడింది. అందులోనూ మాంకోజెబ్‌ది అట్టడుగు తరగతే, మామూలు వాడకంలో తక్షణ ప్రమాదం కలిగించకపోవచ్చన్న జాబితాలోనే ఉంది.

ఎల్‌డీ 50 పనికిరాని కొలత అనలేం. పొరపాటున మింగినా, ఆత్మహత్యకు వాడినా ఏ మందు ఎంత త్వరగా ప్రాణం తీస్తుందో చెప్పేది అదే. మోనోక్రోటోఫాస్ లాంటి ఎర్ర త్రిభుజం మందులు పల్లెల్లో ఎన్ని ఇళ్లను కూల్చాయో చూసినవాళ్లకు దాని విలువ తెలుసు. అయితే అది చెప్పేది ఆ కొద్ది రోజుల కథ మాత్రమే. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళ్లే మందు ఏం చేస్తుందో ఆ లెక్కలో లేదు. చర్మం, గర్భం, చెరువులో చేప కూడా ఆ లెక్కలోకి రావు.

చర్మం సంగతి ముందు చూడాలి. మందు చిక్కగా ఒంటికి తగిలేది పిచికారీ చేసేటప్పుడు కాదు, కలిపేటప్పుడు. ప్యాకెట్ చింపి బకెట్‌లోకి ఒంపగానే సన్నటి పొడి లేచి ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. మెడ మీద, ముంజేతుల మీద చెమటకు అంటుకుంటుంది. పుల్లతో కాక చేత్తోనే కలిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాంకోజెబ్‌కు చర్మాన్ని అలర్జీకి గురిచేసే గుణం ఉందని పరీక్షల్లో రుజువైంది. మొదటిసారి తగిలినప్పుడు ఏమీ కాకపోవచ్చు. కానీ శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత కొంచెం సోకినా దద్దుర్లు, దురద, మంట. ఒకసారి ఈ అలర్జీ పట్టుకుంటే సాధారణంగా పోదు. మందు పడలేదని ఊళ్లో అనుకునే సందర్భాల్లో కొన్నిటి వెనుక ఉన్నది ఇదే.

దీర్ఘకాలిక హాని తేల్చడం కష్టమైన పని. ఎలుకలకు తొంభై రోజులపాటు, ఆ తర్వాత దాదాపు వాటి జీవితకాలమంతా, అంటే రెండేళ్లు, రోజూ మేతలో కలిపి మందు ఇస్తారు. రకరకాల మోతాదుల్లో ఇచ్చి రక్తం, కాలేయం, మూత్రపిండాలు, గ్రంథులు అన్నీ పరిశీలిస్తారు. మాంకోజెబ్ విషయంలో ఈ పరీక్షలు పదే పదే థైరాయిడ్ గ్రంథినే వేలెత్తి చూపించాయి. అసలు దోషి మాంకోజెబ్ శరీరంలో విడిపోయినప్పుడు పుట్టే ఇథిలీన్ థయోయూరియా. దాన్ని పొట్టిగా ఈటీయూ అంటారు. అయోడిన్‌ను హార్మోన్‌గా మార్చే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. హార్మోన్ తగ్గడంతో పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను మరింతగా తరుముతుంది, గ్రంథి వాస్తుంది. ఏళ్లు గడిస్తే ఎలుకల్లో అక్కడే కణితులు కూడా కనిపించాయి.

ఈటీయూ పుట్టేది శరీరంలోనే కాదు. తేమ, వేడి తగిలితే ప్యాకెట్‌లోనూ కొంత తయారవుతుంది, కూరగాయల మీద మిగిలిన మందును ఉడికించినప్పుడూ తయారవుతుంది. మందు పైపూతగానే ఉంటుంది కాబట్టి బాగా కడిగితే చాలావరకు పోతుంది. కడగకుండా ఉడికిస్తే మిగిలినదాంట్లో కొంత ఈటీయూగా మారుతుంది. వంటింట్లో టమాటాలను తరిగాక కాదు, తరగక ముందే కడగాలనడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

గర్భస్థ శిశువు మీద ప్రభావాన్ని విడిగా పరీక్షిస్తారు. థాలిడోమైడ్ అనే మాత్ర 1950ల చివర్లో, 60ల మొదట్లో వేలమంది పిల్లలను కాళ్లూ చేతులూ లేకుండా పుట్టించాక ఈ పరీక్షలు పకడ్బందీ అయ్యాయి. చూలు ఎలుకలకు, కుందేళ్లకు మందు ఇచ్చి పిల్లల్లో లోపాలు వెతుకుతారు. ఈటీయూ ఇచ్చిన ఎలుకల పిల్లల్లో మెదడు, నాడీ వ్యవస్థ లోపాలు కనిపించాయి. తల్లి థైరాయిడ్ హార్మోను మీద ఆధారపడే శిశువు మెదడు ఎదుగుతుంది కనుక ఇది మామూలు హెచ్చరిక కాదు. యూరప్ రసాయనాల సంస్థ నిపుణుల కమిటీ 2019లో మాంకోజెబ్‌ను గర్భస్థ శిశువుకు హాని చేస్తుందని భావించదగిన పదార్థాల తరగతిలో, అంటే 1బీలో, చేర్చాలని చెప్పింది. మనుషుల్లోనే నేరుగా రుజువైతే 1ఏ, జంతువుల్లో రుజువు బలంగా ఉంటే 1బీ, అనుమానం మాత్రమే ఉంటే 2. ఈ మెట్లు ఎక్కడం, దిగడం మీదే ఒక మందు భవిష్యత్తు ఆధారపడుతుంది.

క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి నిపుణులు ఒక్క మాట మీద లేరు. ఈటీయూను అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం మనుషుల్లో క్యాన్సర్ కలిగించవచ్చని సహేతుకంగా భావించే జాబితాలో పెట్టింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం 2001లో దాన్ని వర్గీకరించలేని మూడో తరగతికి మార్చింది. ఎలుకల థైరాయిడ్ ఈ రకం ఒత్తిడికి మనుషుల థైరాయిడ్ కంటే చాలా తేలిగ్గా లొంగుతుందన్నది ఆ సంస్థ వాదన. దీన్ని శాస్త్రవేత్తల చేతకానితనంగా చూడకూడదు. ఒకే సాక్ష్యాన్ని ఒకరు ముందుజాగ్రత్తతో, ఇంకొకరు జీవక్రియ తేడాలతో తూచారు. ఎవరు ఏ తక్కెడ వాడారో పాఠకుడికి తెలిస్తే చాలు.

నీటి సంగతి మాత్రం వివాదమే లేదు. నీటి జీవులకు విషం ఎంతో కొలిచేటప్పుడు లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము లోపే చేపలు, నీటి పురుగులు, నాచుల్లో ఏదో ఒకదాన్ని దెబ్బతీస్తే అత్యంత విషపూరితమని రాస్తారు. మాంకోజెబ్ ఆ తరగతిదే. ఆకుపచ్చ త్రిభుజం చూసి స్ప్రేయర్ ట్యాంకును కాలువలో కడిగే అలవాటు చేపల చెరువులున్న కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో ఎంత నష్టం తేగలదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. హాని చేసే గుణం పదార్థంలో ఉంటుంది. దాని వల్ల ఎదురయ్యే ముప్పు మాత్రం ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఏ దారిన ఒంట్లోకి చేరిందన్న దాన్ని బట్టి ఉంటుంది. వర్గీకరణ మొదటిదాన్ని చెబుతుంది, అనుమతి ఇచ్చేటప్పుడు రెండోదాన్ని లెక్కిస్తారు. జంతువుల్లో ఏ హానీ కనిపించని మోతాదును తీసుకుని మామూలుగా దాన్ని నూరుతో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ తేడా ఉంటుందని పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పది. ఐక్యరాజ్యసమితి నిపుణుల సమావేశం 1993లో మాంకోజెబ్‌కు రోజుకు కిలో శరీర బరువుకు 0.03 మిల్లీగ్రాములను పరిమితిగా పెట్టింది. 60 కిలోల మనిషికి అది 1.8 మిల్లీగ్రాములు. ఈటీయూకు పెట్టిన పరిమితి 0.004 మిల్లీగ్రాములే. విడిపోయాక పుట్టేది అసలు మందు కంటే ఎంత ప్రమాదకరమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

పంట మీద మిగిలిన మందును కొలవడంలోనూ ఒక చిక్కుంది. ప్రయోగశాలలో సాధారణంగా మాంకోజెబ్‌ను నేరుగా పట్టుకోరు. దాన్ని ఆమ్లంతో విడగొట్టి వచ్చే కార్బన్ డైసల్ఫైడ్‌ను కొలుస్తారు. మాంకోజెబ్ కుటుంబానికి చెందిన మందులన్నీ అదే వాయువునిస్తాయి కాబట్టి ఏది కొట్టారో ఆ అంకె చెప్పదు. క్యాబేజీ, కాలిఫ్లవర్‌లైతే ఏ మందూ కొట్టకపోయినా సహజంగానే కొంత ఇస్తాయి.

ఈ గుణాలన్నిటినీ ఒక్క చోట చూపించడానికి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో జీహెచ్‌ఎస్ అనే ఉమ్మడి వర్గీకరణ పద్ధతి తయారైంది. 1992లో రియో శిఖరాగ్ర సభలో దానికి పిలుపునిచ్చారు, తొలి ప్రతి 2003లో వచ్చింది. ఇందులో ఎర్ర అంచున్న చదరాల్లో వేర్వేరు బొమ్మలుంటాయి. ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన మనిషి బొమ్మ దీర్ఘకాలిక హానికి, చచ్చిన చేప, ఎండిన చెట్టు బొమ్మ పర్యావరణానికి. ఈ పద్ధతిలో మాంకోజెబ్‌కు పుర్రె గుర్తు రాదు గానీ మనిషి ఛాతీ బొమ్మ, చేప బొమ్మ, అలర్జీకి ఆశ్చర్యార్థకం మూడూ వస్తాయి. ఒకే మందును రెండు పద్ధతుల్లో చూస్తే రైతు మనసులో పడే ముద్ర పూర్తిగా వేరు.

యూరప్ నిర్ణయానికి గర్భస్థ శిశువుకు హాని ఒక్కటే కారణం కాదు. హార్మోన్లను దెబ్బతీసే గుణం ఉందని తేలింది. పొలంలో పనిచేసేవారికి సోకే మోతాదు అంచనాలు కూడా పరిమితిని దాటాయి. మన కేంద్ర ప్రభుత్వం 2020 మేలో నిషేధించాలని ప్రతిపాదించిన 27 మందుల ముసాయిదాలో మాంకోజెబ్ కూడా ఉంది. 2023లో వచ్చిన తుది ఉత్తర్వులో మాత్రం దాన్ని పూర్తిగా నిషేధించలేదు. జామ, జొన్న, కర్రపెండలం పంటల్లో వాడకాన్ని మాత్రమే ఆపేశారు. అదే ఉత్తర్వు డైనోక్యాప్ అనే మరో శిలీంధ్రనాశినిని పూర్తిగా పక్కనపెట్టింది.

మాంకోజెబ్‌ను రేపే ఆపేయాలని ఈ వివరాల నుంచి వాదించనక్కర్లేదు. చవకైన, తెగుళ్లు అలవాటుపడని మందును తీసేస్తే దాని చోట్లో ఏం వస్తుందన్నది నిజమైన ప్రశ్న. ఆకుపచ్చ రంగును భరోసాగా చూపి అమ్మడం మాత్రం తప్పు. తక్షణ విషంతోపాటు థైరాయిడ్, గర్భం, చర్మం, చేపల హెచ్చరికలు కూడా లేబుల్ ముఖం మీదే, కంటికి ఆనే అక్షరాల్లో తెలుగులో ఉండాలి. అంతవరకు రైతులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్యాకెట్ చింపేటప్పుడే చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. ఈ మందుకు ప్రత్యేక విరుగుడు లేదు కాబట్టి ఎవరికైనా తేడా చేస్తే ప్యాకెట్ వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోవాలి. గర్భంతో ఉన్న స్త్రీలను మందు కలిపే పనికి, మందు పట్టించిన విత్తనం నాటే పనికి పంపవద్దు.